ఇంట్లో ఆపరేటరు మీరే

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా తెనాలిలో ఒక రిటైర్డ్ సినిమా ఆపరేటరు చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ వరసగా చదవాలని ఓ కాగితం ఇచ్చారు. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను. అందరికీ కలిపి ఒకటే నమస్కారం, ఏమీ అనుకోకండి. లైబ్రేరియన్ గారికి మాత్రం విడిగా చెప్పుకోవాలి. పుస్తకాల పండక్కి సినిమా ఆపరేటర్ని పిలవడం సామాన్యమైన ధైర్యం కాదు. "ఇంట్లో సినిమా ఎలా చూడాలి, ఎలా ఆనందించాలి అన్నదాని మీద ఓ 20 నిమిషాలు మాట్లాడండి" అన్నారావిడ. 20 నిమిషాలంటే నా లెక్కలో రెండు రీళ్లు లోపు. 1000 అడుగుల రీలు 11 నిమిషాలు ఆడుతుంది. రెండో రీలు అయిపోగానే నేనే ఆపేస్తాను, గంట కొట్టక్కర్లేదు.

1973లో ఈ ఊళ్లో సినిమా హాలు కేబిన్, అదే ప్రొజెక్టరుండే గది, మెట్లెక్కాను. మొదట రీళ్లు చుట్టే కుర్రాణ్ని, తర్వాత అసిస్టెంటుని, ఆ తర్వాత ఆపరేటర్ని. డిజిటల్ వచ్చాక కేబిన్లో కంప్యూటరు పెట్టె పెట్టారు, నేను మెట్లు దిగేశాను. ఇంట్లో టీవీ ముందు కుదురుగా కూర్చోవడం అప్పుడే మొదలైంది.

ఇంట్లో సినిమా చూడొద్దని చెప్పడానికి రాలేదండీ. పాత బొమ్మలు ఇంకెక్కడ చూస్తాం? మోకాళ్ల నొప్పులవాళ్లు ఎక్కడికి పోతారు? నా గొడవ వేరే. హాల్లో బొమ్మ పాడైతే అడిగేవాడుండేవాడు. ఇంట్లో అడిగేవాడు లేడు. ఎలా అడిగేవాడో చెబుతాను వినండి.

1974లో 'అల్లూరి సీతారామరాజు' వచ్చింది. తెలుగులో మొదటి సినిమాస్కోప్ బొమ్మ. కృష్ణగారిది మన పక్కనున్న బుర్రిపాలెం. ఇక ఈ ఊళ్లో హాలు ఎలా ఉండేదో వేరే చెప్పాలా? స్కోప్‌లో ఏం చేస్తారంటే, వెడల్పాటి బొమ్మని రెండు పక్కలా నొక్కి ఫిలిం మీదకి ఎక్కిస్తారు. ప్రొజెక్టరుకి స్కోప్ లెన్స్ తగిలిస్తే అది మళ్లీ విప్పుకుని తెర నిండా పరుచుకుంటుంది. ముందు గవర్నమెంటు వారి న్యూస్‌రీలు వేయాలి, అది మామూలు లెన్స్. అది అవగానే లెన్స్ మార్చాలి. ఆ రోజు మా పెద్ద ఆపరేటరు టీకి వెళ్లాడు. నేను మర్చిపోయాను. తెర మీద కృష్ణగారు వెదురుబద్దలా నిలబడ్డారు! గుర్రాలేమో మేకలంత సన్నగా అయిపోయాయి.

ముందు ఒక ఈల. తర్వాత హాలంతా ఈలలే. "ఒరేయ్, లెన్సూ!" అని నేల క్లాసు మొత్తం లేచి నిలబడింది. సోడా మూతలు వచ్చి కేబిన్ కిటికీకి తగిలాయి. వాళ్లకి లెన్స్ సంగతి ఏ బడిలోనూ చెప్పలేదండీ. అతి చవక టికెట్టు కొనుక్కుని కింద కూర్చున్నవాడు కూడా తన హీరో మొహం సరిగ్గా కనబడాలని పట్టుబట్టాడు. చేతులు వణుకుతుంటే ఎలా మార్చానో నాకే తెలీదు.

ఇప్పటి సంగతి చూడండి. మొన్న సంక్రాంతికి గుంటూరులో మా మేనకోడలింటికి వెళ్లాం. 55 అంగుళాల టీవీ. "మామయ్యా, నీకోసం మాయాబజార్ పెట్టాను" అంది. 1957 నాటి బొమ్మ. చూద్దును కదా, సావిత్రి గారి మొహం గుమ్మడికాయలా ఉంది. ఎస్వీ రంగారావు గారు అసలే నిండైన మనిషి, ఆయన్నీ సాగదీశారు. ఆ కాలపు బొమ్మ ఇంచుమించు 4 పాళ్లు వెడల్పైతే 3 పాళ్లు ఎత్తు. మన టీవీలు 16కి 9. దాని నిండా లాగితే ప్రతి మనిషీ ఉన్నదాని మీద మూడో వంతు లావెక్కుతాడు. "ఇదేంటమ్మా" అంటే, "పక్కన నల్ల పట్టీలుంటే ఏం బాగుంటుంది మామయ్యా, అంత డబ్బు పోసి కొన్నాం" అంది. అక్కడ పదిమందిమి ఉన్నాం. ఒక్కడూ ఈల వేయలేదు.

ఆ సినిమాలో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారాక సావిత్రి గారు ఎలా నిలబడతారో గమనించారా? మొహం అదే, నగలు అవే. భుజం మారింది, మెడ మారింది, చూపు మారింది. ఆడపిల్ల లోపల రంగారావు గారు కూర్చున్నట్టుంటుంది. అదంతా ఒంట్లో పలికించిన నటన. ఆ ఒంటినే మనం రబ్బరులా లాగేస్తే ఇంక చూడ్డానికి ఏం మిగిలింది? మార్కస్ బార్‌ట్లీ గారు కెమెరాలోంచి చూసి ఎక్కడ ఎంత ఖాళీ ఉండాలో లెక్కేసుకుని పెట్టారు. మనం రిమోట్ మీద ఒక్క నొక్కు నొక్కి ఆ లెక్క చెరిపేస్తున్నాం. నల్ల పట్టీలు చూసి భయపడకండి. మా హాళ్లలోనూ తెర చుట్టూ నల్లగుడ్డ ఉండేది.

ఇంకొకటుంది. కొత్త టీవీలో ఏ సినిమా పెట్టినా సీరియల్లా జారిపోతూ కనబడుతోందని మీకెప్పుడైనా అనిపించిందా? అనిపించే ఉంటుంది, ఏంటో తెలిసి ఉండదు. సినిమాకి సెకనుకి 24 బొమ్మలు. టీవీకి అవి చాలక, రెండు బొమ్మల మధ్య తనే ఒక బొమ్మ కల్పించి దూరుస్తుంది. ఎవరూ తీయని బొమ్మండీ అది! సెట్టింగుల్లో 'మోషన్' అని ఏదో ఒక పేరుతో ఉంటుంది, కంపెనీకో పేరు. అది ఆపేయండి. 'వివిడ్' తీసేసి 'సినిమా' అన్నది పెట్టండి. మొదటి రెండు రోజులు మసగ్గా ఉన్నట్టుంటుంది, తర్వాత కళ్లకి హాయిగా ఉంటుంది. ఇక మాటలు వినపడటం లేదు, ఫైటు రాగానే ఇల్లు అదిరిపోతోంది అంటారా, టీవీ స్పీకర్లు కిందకో గోడవైపుకో తిరిగి ఉంటాయి, పాపం అవేం చేస్తాయి? 'క్లియర్ వాయిస్' లాంటిది ఉంటే పెట్టుకోండి, లేదంటే చిన్న స్పీకరు ఒకటి కొనుక్కోండి. ఇక్కడితో టెక్నికల్ అయిపోయింది.

మా మనవడు సినిమాని ఒకటిన్నర స్పీడులో చూస్తాడు. నా ప్రొజెక్టర్లో ఫిలిం నిమిషానికి 90 అడుగులు నడిచేది. వాడి లెక్కన 135 అడుగులు. ఆ వేగానికి ఫిలిం పుటుక్కుమనేది! పాట రాగానే పది సెకన్లు, ఇంకో పది సెకన్లు అని ముందుకు నెడతాడు. వాణ్ని తిడదామని నోరు తెరిచి, మూసుకున్నాను. ఎందుకంటే ఆ పని ముందు చేసింది నేనే.

ఈ ముక్క అనుకున్న ప్లానులో లేదు, అయినా చెబుతాను. నేను పనిచేసిన హాళ్లలో ఒకదాని యజమాని, పేరెందుకు లెండి, ఆట లేటైతే కేబిన్‌కి కబురు పంపేవాడు. "పాట లేపెయ్" అని. నాలుగు నిమిషాల పాటంటే 360 అడుగులు. ఇటు కోసి అటు కోసి, ఫిలిం అతికించే సిమెంటు రాసి అంటించి, కోసిన ముక్కని చుట్ట చుట్టి మేకుకి తగిలించేవాణ్ని. బొమ్మ వెళ్లిపోయే రోజు మళ్లీ కలిపేసేవాళ్లం. ఎవరికీ తెలిసేది కాదు.

ఒకసారి ఓ పాత సినిమా మళ్లీ వచ్చింది. మొదటి ఆటకి పాట లేపాం. ఆట విడిచాక కేబిన్ మెట్ల కింద ఒక ముసలామె నిలబడి ఉంది. చేతిలో చెప్పులు, చిన్న సంచీ. "నాయనా, పాట రాలేదేంటి?" అంది. టైము లేదమ్మా, ముక్క తీసేశాం అన్నాను. "కథ నాకు తెలుసయ్యా. పాట కోసమే వచ్చాను" అంది. రేపు రండమ్మా, టికెట్టు లేకుండా పంపిస్తాను, వేస్తాను అన్నాను. "రేపట్నించి మినుము పీకాలి" అని సంచీ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. కోపం కూడా చేయలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

మర్నాడు నేనే పాట కలిపేశాను. యజమాని 5 రూపాయలు కోసుకున్నాడు. ఆవిడ రాలేదు. అప్పట్నించి ఇంకెప్పుడూ పాట లేపలేదని చెబితే మీరు చప్పట్లు కొడతారు. అబద్ధం. తర్వాతా లేపాను, ఉద్యోగం మరి. మేకుకి తగిలించేటప్పుడు మాత్రం ఆ సంచీ గుర్తొచ్చేది.

ఎక్కడున్నాను? ఆఁ, ఇల్లు. 1980ల్లో పెళ్లిళ్లకీ పేరంటాలకీ టీవీ, వీడియో క్యాసెట్లు ఆడించే డెక్కు అద్దెకి తెచ్చేవాళ్లు, రాత్రికి మూడు క్యాసెట్లు. మా కడుపు కొట్టడానికే వచ్చిందని నేను దాన్ని తిట్టని తిట్టు లేదు. బొమ్మ మీద గీతలు వానలా కురిసేవి, ఆపి డెక్కు హెడ్డు తుడిచి మళ్లీ వేసేవాళ్లు. కానీ వీధంతా చాపలేసుకుని కూర్చుని తెల్లారేదాకా చూసింది, ఒక్కరు లేచి వెళ్లలేదు. ఇవాళ బొమ్మ అద్దంలా ఉంది, చూసేవాడి చేతిలో ఫోనుంది. ఆ వాన బొమ్మ ముందు కూర్చున్నవాళ్లే నయమేమో అనిపిస్తుంది. అప్పుడు తిట్టినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మా ఆవిడ రెండో వరసలో కూర్చుంది, అదిగో తల దించేసుకుంది. ముప్పై ఏళ్లకి పైగా మేం కలిసి ఒక్క సినిమా చూడలేదండీ. సాయంత్రమైతే నేను కేబిన్లో, ఆవిడ ఇంట్లో. రిటైరయ్యాక టీవీలో ఓ పాత బొమ్మ పెట్టాం. కాసేపటికి ఆవిడ, "తెర చూడకుండా ఆ మూలకి చూస్తారేంటి?" అంది. రీలు అయిపోవస్తుంటే కుడిచేతి పై మూల చుక్క పడుతుంది, అది పడిందంటే రెండో ప్రొజెక్టరు మీదకి మార్చాలి. పాత ప్రింటు కదా, టీవీలోనూ ఆ చుక్క పడింది. నేను లేచి నిలబడ్డాను! ఇంకాసేపటికి, "వీడెవడు?" అనడిగాను. "ఇన్ని ఆటలు వేశారు, వాడు ఆ పిల్ల అన్న అని తెలీదా?" అంది. ఏం తెలుస్తుంది? ఫోకస్ చూసుకోవాలి, ప్రొజెక్టరు దీపంలో కాలే కార్బన్ కడ్డీలు చూసుకోవాలి. మెషిన్ మోతలో మాటలేం వినబడతాయి?

సినిమా చూడటం నాకు నేర్పింది ఆవిడే. తలుపు వేస్తుంది, ట్యూబ్‌లైటు తీసేస్తుంది, కుక్కరు ముందే దించేసుకుంటుంది. అయిపోయేదాకా మాట్లాడదు. ఓ రోజు అయ్యాక అడిగాను, ఏం నచ్చిందని. పాటో ఏడుపు సీనో చెబుతుందనుకున్నాను. "ఆ కోడలు ఇత్తడి గిన్నె కింద పెట్టేటప్పుడు కొంగు అడ్డం పెట్టింది చూశారా? లోపల మామగారు నిద్రపోతున్నాడు" అంది. ఆ బొమ్మ నేను రోజుకి నాలుగాటల చొప్పున ఏడు వారాలు ఆడించాను. గిన్నె చూడలేదు.

రెండో రీలు అయిపోవచ్చింది. ఇప్పుడు మీకు ఓ సినిమా వేస్తామన్నారు కదా, ఇందాకట్నించీ ఆ టీవీనే చూస్తున్నాను. అందులో ఆగి ఉన్న బొమ్మ సాగదీసే ఉంది. ఆవిడ చెవి కమ్మ చూడండి, కోడిగుడ్డులా లేదూ? రిమోట్ ఎవరి దగ్గరుంది? నువ్వేనా నాయనా. సెట్టింగుల్లోకి వెళ్లు. పిక్చర్ సైజు. ఆఁ, 4 కి 3. నొక్కు. అదీ. లైట్లు తీసేయండి, మెట్ల దగ్గరది మాత్రం ఉంచండి, పెద్దవాళ్లున్నారు.