జడత్వం అంటే బద్ధకం కాదు

సభకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ ఇందాకే చదివారు, మళ్లీ చదవను. ఇవాళ ఆగస్టు 29, గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. మన పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవరల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు రాసిన మనిషి. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. మనం ఇక్కడే ఉన్నాం. అందుకే నిఘంటువు గురించే మాట్లాడతాను.

మొన్న పోటీ పరీక్షలకు చదువుతున్న ఒకమ్మాయి నోటుపుస్తకం చూశాను. ఇనర్ట్, ఇనాక్టివ్, ఇండొలెంట్, మూడింటికీ ‘సోమరి’ అని రాసుకుంది. ఇనర్షియాకి ‘సోమరితనం’. గైడులో అలాగే ఉందట!

అమ్మా, గునుపూరు బస్సులో నిలబడి వెళ్లావా? డ్రైవరు సడన్‌గా బ్రేకు వేస్తే ముందుకు తూలతావు. పాదాలు బస్సుతో పాటు ఆగాయి, పైఒళ్లు ఇంకా పోతూనే ఉంది. అదీ ఇనర్షియా, తెలుగులో జడత్వం. ఆగినది ఆగే ఉంటుంది, కదిలేది అదే వేగంతో తిన్నగా పోతుంది, బయటి బలం పడితే తప్ప మారదు. న్యూటన్ 1687లో అచ్చువేసిన మొదటి నియమం ఇదే. పరిగెత్తే వస్తువుకి కూడా ఉండేదాన్ని సోమరితనం అంటే ఎలా? ఆ పిల్ల ఒడియాలో చదివింది. ఒడియాలోనూ జడత్వమే. క్లాసులో తెలిసిన మాటే తెలుగు గైడులోకొచ్చేసరికి పాడైంది.

ఇనర్ట్ అంటే వేరేవాటితో తొందరగా కలవనిది. 1894లో దొరికిన ఆర్గాన్‌కి ఆ పేరు గ్రీకులో పనిలేనిదనే అర్థంతోనే పెట్టారు, నిజమే. కానీ బల్బులో తీగ కాలిపోకుండా కాపాడేది ఆ వాయువే. వాడక ఆగిపోయిన సిమ్ము ఇనాక్టివ్. మనిషి బద్ధకానికి ఇండొలెంట్ ఒక్కటే సరిపోతుంది.

ఇంకో పేజీలో ఇనెరంట్, ఇన్‌ఫాలిబుల్ రెండూ ‘తప్పులేని’. గుమాస్తా రాసిన చిట్టాలో తప్పు లేకపోతే ఇనెరంట్. ఆ గుమాస్తా ఎన్నటికీ తప్పు చేయలేడంటే ఇన్‌ఫాలిబుల్. అలాంటి గుమాస్తాని నేను చూడలేదు, మీరూ చూసుండరు.

ఇవన్నీ ఎవర్ని అడగాలి పిల్లలు? ఇక్కడొక బడిలో తెలుగు మాస్టారు రిటైరైతే ఆ పోస్టు ఖాళీగానే ఉంచారు. అర్జీలు పెట్టాం, అడిగాం, మళ్లీ అడుగుతాం. ఈలోగా మన గ్రంథాలయంలో పెద్ద నిఘంటువు బీరువాలో తాళం వేసి ఉంది. కార్యదర్శిగారూ, దయచేసి దాన్ని తీసి బల్లమీద పెట్టించండి. ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి నేనొస్తాను. మీ పిల్లల్ని నోటుపుస్తకాలతో పంపండి.