ఎర్ర ముక్కు, వెండి ఒళ్లు: శాంటా ఫే బొమ్మ రైలు

[తెర మీద: నేల మీద గుండ్రంగా పరిచిన పట్టాలు. కెమెరా పట్టాల ఎత్తులోనే ఉంది. ఒంపు తిరిగి ఎర్ర ముక్కు ఇంజిన్ ఎదురుగా వస్తుంది.]

1948లో అమెరికాలో బొమ్మ రైళ్లు చేసే లయనెల్ కంపెనీ, ఎఫ్3 అనే అసలు డీజిల్ ఇంజిన్‌కు బొమ్మలు రెండు తెచ్చింది. అచ్చు ఒకటే, లోపలి మోటార్లూ అవే. తేడా అంతా రంగులోనే. ఒకటి న్యూయార్క్ సెంట్రల్ రైల్వే వాళ్ల బూడిద రంగు, రెండోది శాంటా ఫే రైల్వే వాళ్ల ఎరుపు, వెండి. బూడిద రంగుది 1955తో ఆగిపోయింది. శాంటా ఫే మాత్రం మోడల్ నంబర్లు మార్చుకుంటూ 1966 దాకా కేటలాగ్‌లో నిలిచింది.

మరి ఆ రంగుల్లో అంత ఏముంది?

[తెర మీద: ఇంజిన్ ముక్కు, దగ్గరగా.]

ఈ రంగులు బొమ్మ కోసం పుట్టినవి కావు. షికాగో, లాస్ ఏంజెలెస్ మధ్య తిరిగే సూపర్ చీఫ్ రైలు కోసం 1937లో జనరల్ మోటార్స్ చిత్రకారుడు లీలండ్ నికర్‌బాకర్ గీశారు. దీన్ని వార్‌బానెట్ అంటారు. అమెరికా మైదాన ప్రాంతపు ఆదివాసులు తలకు పెట్టుకునే ఈకల కిరీటం పేరది. వాళ్లలో అది అందరూ పెట్టుకునేది కాదు, సాధించుకోవలసిన గౌరవం. ఆ మాట గుర్తుపెట్టుకునే ఈ రంగుల్ని చూడాలని నా అభిప్రాయం.

ముక్కు మీద మొదలైన ఎరుపు డ్రైవర్ క్యాబ్‌ను కప్పి, పక్కలకు ఒంపు తిరిగి వెనక్కి సాగుతుంది. అంచున సన్నటి పసుపు, నలుపు గీతలు. ఆపైన అంతా వెండి. గాలికి ఈకలు వెనక్కి వాలినట్టుంటుంది. అందుకే ఇంజిన్ ఆగి ఉన్నా పరిగెడుతున్నట్టే కనిపిస్తుంది.

[తెర మీద: బోర్లా పడుకుని చూస్తున్న పిల్లవాడు.]

అసలు రైలు స్టేషన్‌లో ఒక్కసారి ముక్కు చూపించి వెళ్లిపోతుంది. బొమ్మ రైలు అలా కాదు. గుండ్రటి పట్టాల మీద ప్రతి చుట్టుకీ మళ్లీ ఎదురుగా వస్తుంది. అసలు ఇంజిన్‌లో 48వ వంతు సైజులో సన్నటి పనితనం కంటికి ఆనదు. ఆ ఎర్ర ముక్కు మాత్రం గదిలో ఏ మూల నుంచి చూసినా ఆనుతుంది. నన్నడిగితే అసలు రహస్యం ఇదే. రంగంతా ముక్కు దగ్గరే పోగైంది, పిల్లవాడి చూపూ అక్కడే ఉంటుంది.

[తెర మీద: వెండి పెయింట్ అరిగిన పాత ఇంజిన్.]

అసలు రైలు పెట్టెలది స్టెయిన్‌లెస్ స్టీల్ మెరుపు. బొమ్మ ఇంజిన్‌ది పెయింట్. చేతులు తగిలి తగిలి అరిగిపోతుంది. పాతది కొనేటప్పుడు ముందు ముక్కు మీది స్టిక్కర్ బొమ్మ, గీతలు చెడకుండా ఉన్నాయా అని చూడండి. నాకైతే అరిగినవే ఎక్కువ ఇష్టం. అవి ఎవరో ఆడుకున్నవి.

1971లో శాంటా ఫే ప్రయాణికుల రైళ్లు అమెరికా జాతీయ ప్రయాణికుల రైలు సంస్థ ఆమ్‌ట్రాక్ చేతికి వెళ్లాయి. 1989లో శాంటా ఫే రైల్వేనే ఈ రంగుల్ని వెనక్కి తెచ్చి, ఈసారి సరుకు రైళ్ల ఇంజిన్లకు వేసింది.

[తెర మీద: బొమ్మ ఇంజిన్ మరో చుట్టు తిరిగి ఎదురుగా వస్తుంది.]