ల్యాబ్ ఉన్న రోజు పొద్దున డోసు ఆగుతుంది

హాయ్ అండి, అందరూ బాగున్నారా? మేము టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. ఈరోజు బాబుకి ల్యాబ్‌లో రక్తపరీక్ష ఉంది, అందుకే పొద్దున డిగాక్సిన్ అనే గుండె మందు డోసు ఇంకా వేయలేదు. మా అత్తయ్యకి అదే టెన్షన్. "టైముకి వేయాలి కదమ్మా" అంటున్నారు. వేయాలి, కానీ ఈరోజు మాత్రం రక్తం తీశాకే.

వాడికి గుండె గదుల మధ్య గోడలో రంధ్రం ఉంది. ఆపరేషన్ దాకా డిగాక్సిన్, ఇంకా ఒంట్లో ఎక్కువైన నీటిని మూత్రంలో పంపే లేసిక్స్ వాడుతున్నాం. డిగాక్సిన్ పేగుల నుంచి రక్తంలోకి త్వరగానే చేరుతుంది. అక్కడి నుంచి గుండె కండరంలోకి వెళ్ళి కుదురుకోవడానికి మాత్రం గంటలు పడుతుంది. డోసు వేయగానే రక్తం తీస్తే రక్తంలో మందు ఎంతుందో చెప్పే అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, ఊరికే కంగారు. అందుకే కనీసం ఆరు గంటలు ఆగి, లేదంటే తర్వాతి డోసుకి ముందు తీస్తారు.

ఇదిగో, మా సిరంజి చూడండి. మాకిచ్చిన సీసాలో 1 ఎంఎల్‌కి 50 మైక్రోగ్రాముల మందు. మా వాడికి పూటకి 0.6 ఎంఎల్, రోజుకి రెండు పూటలు. మీ పిల్లల లెక్క వేరు, ఇది చూసి వేయకండి. 0.6లో ఆ చుక్క కనపడక 6 అని చదివితే పదింతల మందు లోపలికి పోతుంది! అందుకే మా ఇంట్లో చెంచాలు లేవు, సిరంజి ఒక్కటే.

పాలసీసాలో కలిపేద్దామన్నారు అత్తయ్య. బాబు సగం పాలు వదిలేస్తే ఎంత మందు లోపలికి వెళ్ళిందో ఎవరికి తెలుస్తుంది? అందుకే బుగ్గ లోపలివైపు కొంచెం కొంచెంగా వేస్తాను. కక్కినా మళ్ళీ వేయను, డాక్టర్‌కి ఫోన్ చేస్తాను. ఎందుకంటే ఈ మందు ఎక్కువైతే కనిపించే గుర్తుల్లో వాంతులు, పాలు తాగకపోవడం కూడా ఉంటాయి.

ఇది డిజిటాలిస్ అనే మొక్క నుంచి తీసే మందని చెప్పగానే ఆవిడ "ఓహో, ఆకు మందేగా" అని తేలిగ్గా తీసుకున్నారు. ఆకు మందే, కానీ పనిచేసే మోతాదుకీ ప్రమాదానికీ మధ్య ఎడం చాలా తక్కువ. 1785లోనే ఇంగ్లండ్‌లో విలియం విదరింగ్ అనే డాక్టర్ ఈ మొక్క గురించి రాస్తూ, ఎక్కువైతే నాడి నెమ్మదిస్తుందని హెచ్చరించారు. ఇప్పటికీ మేం చేసేది అదే. డోసుకి ముందు స్టెతస్కోప్ పెట్టి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో నిమిషం నిండా లెక్కపెడతాను. మా డాక్టర్ పెట్టిన గీత 100. అంతకన్నా తగ్గితే డోసు ఆపి ఫోన్ చేయాలి.

ల్యాబ్‌లో డిగాక్సిన్ ఒక్కటే చూడరు. లేసిక్స్ వల్ల మూత్రంలో పొటాషియం పోతుంది, అది తగ్గితే అదే డోసు గుండె లయని చెడగొట్టగలదు. డిగాక్సిన్ బయటికి పోయేది ఎక్కువగా కిడ్నీల ద్వారానే కాబట్టి, అవి ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ కూడా చూస్తారు. అప్పుడప్పుడు ఈసీజీ. జలుబు, చెవిపోటు అని ఎవరైనా యాంటీబయాటిక్ రాస్తే డిగాక్సిన్ సంగతి ముందే చెప్పండి. క్లారిథ్రోమైసిన్ లాంటివి ఈ మందు బయటికి పోయే దారిని అడ్డుకుంటాయి, రక్తంలో పెరిగిపోతుంది.

హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు కాగితం మీద ఎంఎల్ మాత్రమే రాయించుకోకండి. అక్కడి సీసా గాఢత వేరే ఉండొచ్చు, మైక్రోగ్రాములు కూడా రాయించుకోండి.

సరే, ల్యాబ్ వాళ్ళు పిలుస్తున్నారు. బాబు బరువు కూడా పెరిగాడు, డోసు మారుస్తారేమో డాక్టర్‌ని అడగాలి.