ఏటా మనుషులు మారిపోయే సంస్థ ఎలా నేర్చుకుంటుంది?

[తెరపై: విద్యార్థులే నడిపే క్యాంపస్ కాఫీ షాపు. కౌంటర్ వెనక ముఖాలు చకచకా మారిపోతుంటాయి.]

మామూలు కంపెనీలో ఏడాదికి సగం మంది మానేస్తే యాజమాన్యానికి నిద్ర పట్టదు. విద్యార్థులు నడిపే వ్యాపారంలో అది ఏటా ఉండే తంతే. పని వంటబట్టే సరికి డిగ్రీ చేతికి వస్తుంది. అయినా ఇవి దశాబ్దాల పాటు నిలబడుతున్నాయి. హార్వర్డ్ స్టూడెంట్ ఏజెన్సీస్ 1957లో మొదలైంది. ఫ్రాన్స్‌లోని ఎసెక్ బిజినెస్ స్కూల్‌లో 1967లో పుట్టిన 'జూనియర్ ఎంటర్‌ప్రైజ్' (విద్యార్థులే నడిపే సలహా సంస్థ) పద్ధతి బ్రెజిల్‌లో ఎంతగా పాకిందంటే, 2016లో దానికోసం చట్టమే చేశారు.

[తెరపై: లావుపాటి ఫైలు చేతులు మారుతుంది.]

వెళ్లేవాళ్లు ఫైలు అప్పగిస్తారు. పాస్‌వర్డ్‌లు, సరుకు తెప్పించే చోటు, జీతాల తేదీ అన్నీ ఉంటాయి. 'ఎందుకు' అన్నదే ఉండదు.

'పరీక్షల వారంలో పాలు సగమే తెప్పించాలి' అని ఉందనుకుందాం. ఎప్పుడో పాలు మిగిలిపోయి పారబోశారు, అందుకే ఆ నియమం. ఆ తర్వాత పెద్ద ఫ్రిజ్ వచ్చింది, పరీక్షల తేదీలూ మారాయి. నియమం మాత్రం కదలలేదు. కారణం తెలియనివాడు దాన్ని గుడ్డిగా పాటిస్తాడు, లేదా విసుగొచ్చి తీసేస్తాడు. సరిదిద్దడం అతని వల్ల కాదు. సంస్థలు ఎలా నేర్చుకుంటాయో పరిశోధించిన క్రిస్ ఆర్గిరిస్, డొనాల్డ్ షోన్ 1970లలో చూపిన తేడా ఇదే: నియమానికి లోబడి పొరపాటు దిద్దుకోవడం ఒకటి, నియమాన్నే తిరగేసి చూడడం మరొకటి.

[తెరపై: కొత్త విద్యార్థి చేయి ఎత్తుతుంది.]

మనుషులు మారడం పూర్తిగా నష్టమేమీ కాదు. సంస్థల తీరుపై పరిశోధనలు చేసిన జేమ్స్ మార్చ్ 1991లో కంప్యూటర్ నమూనాతో పరీక్షిస్తే, కొత్తవాళ్లు సంస్థ పద్ధతులకు మరీ త్వరగా అలవాటుపడితే సంస్థ నేర్చుకునేది తగ్గింది. కొద్దిపాటి రాకపోకలు మేలే చేశాయి. ఇక్కడ 'కొద్దిపాటి' అన్నదే చిక్కు. అందరూ ఒకే నెలలో వెళ్లిపోతే ఆ లెక్క పనిచేయదు. అందుకే బాధ్యతలను విడతలుగా మార్చాలి. చివరి ఏడాది విద్యార్థి పదవి వదిలి, ఒక సెమిస్టర్ పాటు సలహాదారుగా ఉండాలి. నా దృష్టిలో ఏ ఫైలూ దీనికి సాటి రాదు.

కొత్త మేనేజర్ మొదటి నెలలో అడిగే 'ఎందుకు'లన్నీ రాయించండి. సీనియర్లు క్యాంపస్‌లో ఉండగానే జవాబులు రాబట్టండి. ఎవరికీ కారణం తెలియని నియమాన్ని ఒక నెల ఆపి, లెక్కలు చూడండి. ఆహార భద్రత, గల్లాపెట్టె నియమాల జోలికి మాత్రం వెళ్లకండి. వాటి కారణాలు ఎవరినీ అడగనక్కర్లేదు.