మంచు ఖండానికి ఎవరిని పట్టుకోవాలి?

శ్రోతలకు నమస్కారం.

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చెన్నై వచ్చి చదువుకునే తెలుగు పిల్లలు మా కాలేజీలో చాలామందే ఉన్నారు. అంటార్కిటికా మాట వచ్చిందంటే వాళ్లలో ఎవరో ఒకరు అడిగి తీరతారు: "సార్, అక్కడికి వెళ్లాలంటే ఎవరిని పట్టుకోవాలి?" మనవాళ్లు ఏ పనికైనా ముందు మనిషిని వెతుకుతారు మరి! అక్కడ సీటు మాత్రం చేయాల్సిన పనిని బట్టి ఇస్తారు.

మన దేశం తరఫున ఈ యాత్రలు నడిపేది గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం. 1981 డిసెంబరులో డాక్టర్ ఖాసిం నాయకత్వంలో తొలి బృందం గోవాలో ఓడ ఎక్కి, 1982 జనవరిలో ఆ మంచు మీద దిగింది. ఇప్పుడక్కడ మైత్రి, భారతి అని మనకు రెండు స్థావరాలున్నాయి. ఉత్తర ధ్రువం వైపు, నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008 నుంచి మన హిమాద్రి స్థావరం ఉంది. పరిశోధన ప్రతిపాదనలు పంపమని గోవా కేంద్రం ప్రకటన ఇస్తుంది. మీరు పనిచేసే యూనివర్సిటీయో, పరిశోధన సంస్థో వాటిని పంపాలి. ఉత్సాహం ఉంది కదా అని ఇంట్లో కూర్చుని ఉత్తరం రాస్తే లాభం లేదు.

ఆ ప్రతిపాదనలోనే చాలామంది తేలిపోతారు. "వాతావరణ మార్పులపై అధ్యయనం" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. మైత్రి ఉన్న షిర్మాకర్ ఒయాసిస్‌లో, అంటే మంచు కప్పని రాతి నేలలో, వందకు పైగా సరస్సులున్నాయి. వాటిలో ఫలానా సరస్సు అడుగు బురదలో ఎలాంటి సూక్ష్మజీవులు బతుకుతున్నాయో చూస్తాను, ఇన్ని నమూనాలు తీస్తాను, పెట్టెలన్నీ కలిపి ఇన్ని కిలోలు, వాటిని ఇంత చలిలో గడ్డకట్టించి ఓడలో తేవాలి, హెలికాప్టర్ ఇన్నిసార్లు కావాలి... ఇలా రాయాలి. చదివేవాళ్ల మొదటి అనుమానం ఒకటే: ఈ పని ఇక్కడే ఏ హిమాలయాల్లోనో చేసుకోకూడదా? దానికి జవాబు మీ దగ్గర ఉండాలి.

శాస్త్రవేత్తలు కాకపోతే దారి లేదా అంటే, ఉంది. నిజానికి నాకు ముచ్చట వేసేది ఈ దారే. జనరేటర్ ఆగిపోతే అక్కడ పరిశోధన సంగతి అటుంచి, ప్రాణాలకే ముప్పు. అందుకే డీజిల్ మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, క్రేన్ ఆపరేటర్లు, వంటవాళ్లు, డాక్టర్లు కావాలని కూడా ప్రకటనలు వస్తుంటాయి. ఐటీఐ చదివి, వర్క్‌షాపులో చేయి తిరిగిన కుర్రాడికి, డాక్టరేట్ ఉన్నవాళ్లకు దొరకని అవకాశం దొరకవచ్చు.

చెన్నై వాళ్లకు మరో దారి దగ్గర్లోనే ఉంది. పళ్ళికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2014లో గోవా కేంద్రంతో కలిసి, హిమాద్రి పక్కనున్న సముద్రపు పాయలో నీళ్ల అడుగున కొలతలు తీసే పరికరాల వరసను దించింది. ఉప్పు నీరు, తుప్పు, బ్యాటరీ, కేబుల్... అలాంటి పరికరాలతో వచ్చే చిక్కులివే, ఇంజనీరింగ్ పిల్లలు వీటి గురించి కాస్త ఆలోచించాలి.

"మద్రాసు ఎండల్లో పెరిగినవాళ్లం, ఆ చలికి తట్టుకుంటామా?" అని తల్లిదండ్రులకు టెన్షన్. ఇస్రో శాస్త్రవేత్త మంగళా మణి గారు అంతకుముందు మంచు కురవడమే చూడలేదు. యాభై ఏళ్లు దాటాక వెళ్లి భారతిలో 403 రోజులున్నారు. ఆ 23 మంది బృందంలో ఆవిడొక్కరే మహిళ. భారతిలో ఉపగ్రహాల నుంచి అందుకునే సమాచారం మన హైదరాబాద్ పక్కనున్న షాద్‌నగర్‌కే చేరుతుంది.

ఎంపికయ్యాక ఢిల్లీ ఎయిమ్స్‌లో వైద్య పరీక్షలుంటాయి. శీతాకాలం కూడా అక్కడే ఉండేవాళ్ల మనసును కూడా పరీక్షిస్తారు. మైత్రిలో దాదాపు రెండు నెలలు సూర్యుడు కనిపించడు, అవే ముఖాలు, అవే గదులు! తర్వాత ఉత్తరాఖండ్‌లోని ఔలీలో సరిహద్దు దళమైన ఐటీబీపీ వాళ్లు మంచు మీద నడవడం, తాడు పట్టి ఎక్కడం నేర్పిస్తారు.

చివరగా ఒక మాట. చలికాలంలో నెలల తరబడి అక్కడికి ఓడ రాదు, విమానం రాదు. పుచ్చిపన్ను ఏదైనా ఉంటే దరఖాస్తు పెట్టకముందే డాక్టరుకు చూపించుకోండి. సెలవు.