మేక కాదు, మేకు

(తెలుగు భాషా దినోత్సవం నాడు శ్రీకాకుళంలో ఒక గ్రంథాలయంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఆరుగురు పెద్దలున్నారు, ఒక్కొక్కరి పేరూ బిరుదులతో సహా చదివితే నాకిచ్చిన పావుగంటలో సగం అక్కడే ఆవిరైపోతుంది కాబట్టి అందరికీ కలిపి ఒకటే దండం. ఇవాళ ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారు పుట్టిన రోజు. ఆయన మన పర్వతాలపేట ఆయనే. ఇందాక ముగ్గురు ఆయన గురించి చెప్పారు, నాలుగోవాణ్ని నేనెందుకు. జనం నోట్లో మాటని పుస్తకంలోకి ఎక్కించాలని ఆయన పోట్లాడారు. నేను ఆ నోటి మాటలకి బొమ్మలేసుకుంటాను. అంతే నా అర్హత.

నేను డ్రాయింగ్ మాస్టార్ని. రిటైరై ఆరేళ్ళు. పొద్దున్నే కాఫీ తాగి, పాత క్యాలెండర్ కాగితం ఒకటి చింపి, దాని వెనక ఒక జాతీయమో సామెతో తీసుకుని బొమ్మ వేయడం అలవాటు చేసుకున్నాను. రోజుకొకటి చొప్పున వేసేద్దాం, ఎంతసేపు పడుతుందిలే అనుకున్నాను. మొదట్లో అలాగే సాగింది. గోడ మీద పిల్లి, కడుపులో ఎలుకలు, గాడిద గుడ్డు. ముక్కు మీద కోపం అంటే ముక్కు దూలం మీద చిన్న ఎర్ర మనిషి కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నట్టు వేశాను. తల్లో నాలుక వేసిన రోజు మా ఆవిడ ఆ కాగితం బోర్లించేసింది, పొద్దున్నే ఇదేం దరిద్రం అని. జుట్టులోంచి నాలుక బయటికొస్తే అలాగే ఉంటుంది మరి, నేనేం చేసేది.

చిక్కంతా నల్లేరు దగ్గర మొదలైంది. నల్లేరు మీద నడక అంటాం కదా, చాలా తేలిక అని. పేపర్లలో ఎన్నికలొచ్చినా క్రికెట్టొచ్చినా ఇదే మాట. సరే, ఒకాయన పంచె ఎగ్గట్టి ఉత్తి కాళ్ళతో నల్లేరు మీద హాయిగా నడుస్తున్నట్టు వేద్దామని కూర్చున్నాను. తీగ ఎలా ఉంటుందో సరిగ్గా గుర్తు రాలేదు. మా వీధి చివర కంచె మీద ఉంటే వెళ్ళి ఒక ముక్క తెంపాను. నాలుగు పలకల కాడ, కణుపు కణుపుకీ విరుగుతుంది. ఇంటికొచ్చి దాన్నే చూస్తూ గీస్తున్నాను, పది నిమిషాలకి వేళ్ళు ఒకటే దురద. లోపల్నించి మా ఆవిడ, "పచ్చడి చేసేటప్పుడు చేతులకి నూనె రాసుకుని కోస్తాం, మీకు తెలీదా?" అంది. అప్పుడు వెలిగింది నాకు. వేళ్ళకే ఇంత దురదైతే దాని మీద ఉత్తి కాళ్ళతో నడిచేవాడి గతేంటి? అసలు సామెత నల్లేరు మీద బండి నడక! చక్రం కింద కాడలు మెత్తగా నలిగిపోతాయి, బండి సాఫీగా పోతుంది. మనం బండిని దారిలో ఎక్కడో వదిలేసి మనిషిని దింపి నడిపిస్తున్నాం. నోటితో అన్నన్నాళ్ళూ నాకీ తేడా తెలీలేదండీ. పెన్సిల్ పట్టుకుంటే గానీ తెలీలేదు. ఆ రోజు నుంచీ ఒక నియమం పెట్టుకున్నాను: వస్తువుని చూడకుండా, ముట్టుకోకుండా బొమ్మ వేయకూడదు. అందుకే రోజుకొకటి అనుకున్నది ఇప్పుడు ఒక్కోదానికి వారం పడుతోంది.

రోట్లో తలపెట్టి రోకటి పోటుకి వెరవడం అన్న సామెతకి ఒక ఆరో తరగతి కుర్రాడు మిక్సీ జార్లో తల పెట్టిన మనిషిని వేసి తెచ్చాడు. నవ్వాను గానీ వాణ్ని తప్పు పట్టలేకపోయాను. వాడింట్లో ఉన్నది అదే. ఉడుంపట్టు అంటారు కదా, ఇక్కడ ఉడుముని కళ్ళారా చూసినవాళ్ళు చెయ్యెత్తండి. ఒకటి, రెండు... నాలుగు. ఇంతమందిలో నలుగురు! అందరం రోజూ అంటాం.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. అసలు ఇది చెప్పుకుందామనే వచ్చాను, భాషా దినోత్సవం వంక మాత్రమే.

ఉద్యోగంలో ఉన్నప్పుడు పొందూరు వైపు ఒక హైస్కూల్లో ప్రహరీ గోడ నిండా సామెతల బొమ్మలేశాను, సొంత డబ్బుతో రంగులు కొని. అందులో ఒకటి "ఏకై వచ్చి మేకై కూర్చున్నట్టు". ఏకు అంటే ఏదో ఒంటరిగా, ఒక్కడిగా రావడం అనుకున్నాను. ఇంక మేక ఎలాగూ మేకే. నులక మంచం మీద గడ్డం మేకొకటి కాలు మీద కాలేసుకుని నెమరేస్తూ కూర్చున్నట్టు వేశాను. బ్రహ్మాండంగా కుదిరింది. రెండేళ్ళు అందరూ మెచ్చుకున్నారు. తెలుగు మాస్టారు దాని పక్కన నిలబడి ఫోటో కూడా దిగాడు.

ఒక రోజు మనవరాలి టీసీ కోసం ఒక ముసలమ్మ వచ్చింది. గోడ దగ్గర ఆగి చాలాసేపు చూసి, "ఈ మేకేటి బాబూ?" అంది. సామెతమ్మా అన్నాను. "మేక కాదు బాబూ, మేకు. గోడకి కొడతారే, ఆ మేకు" అంది. మరి ఏకు? నవ్వింది. రా చూపిస్తాను అని వాళ్ళింటికి తీసుకెళ్ళింది.

ఆవిడ నూలు వడుకుతుంది. పొందూరు ఖద్దరు కట్టుకున్నవాళ్ళు మీలో చాలామంది ఉంటారు, ఆ నూలు ఎలా పుడుతుందో చూసినవాళ్ళు తక్కువ. వాలుగ చేప దవడ ఎముక, సన్నటి పళ్ళతో ఉంటుంది, దాంతో పత్తి దువ్వుతారు. చేప పళ్ళతో దువ్వెన! నేను నోరు తెరుచుకుని చూశాను. శుభ్రమైన దూదిని వేలి లావున గుండ్రంగా చుడతారు. అదే ఏకు. ఎండిన అరటి పట్టలో పెట్టి పట్టుకుంటారు, చేతి చెమట కూడా తగలకుండా. ఆవిడ ఒక ఏకు నా అరచేతిలో పెట్టింది. బరువే లేదు, చేతిలో ఉన్నట్టే తెలీలేదు. "ఇంత మెత్తగా ఉంటాది కదా, నమ్మి ఇంట్లోకి రానిస్తాం. ఇది మేకయిపోయిందనుకో, ఎలాగుంటాది?" అంది. నా మేక, నా నులక మంచం, నా రెండేళ్ళ మెప్పూ అన్నీ అక్కడే కుప్పకూలాయి.

వేసవి సెలవులు కాగానే దిద్దుదామనుకున్నాను. సెలవులు అయ్యేసరికి గోడకి సున్నం కొట్టేశారు. ఇప్పుడక్కడ ఇంగ్లీషు నెలల పేర్లున్నాయి. జనవరి, ఫిబ్రవరి గోడ మీద చూసి నేర్చుకోవాలా అండీ? మేక పోయినందుకు నాకు బాధ లేదు. మేకు రాలేదు, అదీ నా బాధ.

చీటీ వచ్చింది. అయిదు నిమిషాలట. సరే, బ్రూగల్ అనే నెదర్లాండ్స్ చిత్రకారుడి గురించి రెండు ముక్కల్లో. 1559లో ఆయన తన దేశపు సామెతలు వందకి పైగా ఒకే బొమ్మలో, ఒకే ఊళ్ళో జరుగుతున్నట్టు వేశాడు. ఇప్పుడది బెర్లిన్‌లో ఉంది. ఒకడు దూడ మునిగి చచ్చాక బావి పూడుస్తుంటాడు, మన చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాడి చుట్టం. ఇప్పుడు ఆ బొమ్మని, ఎక్కడ ఏ సామెత ఉందో చెప్పే నంబర్లేసిన పట్టీ పక్కన పెట్టుకుని చూడాల్సి వస్తోంది. కానీ పట్టీ రాయడానికి బొమ్మ మిగిలింది కదా! మనకి 1868లో కెప్టెన్ కార్ అనే దొర మద్రాసులో సామెతలు పోగేసి అచ్చేశాడు. పుస్తకం పేరులో ఇలస్ట్రేటెడ్ అని చూసి ఆశగా తెరిచాను. బొమ్మల్లేవు. వివరించాను అని ఆయన భావం.

అన్నీ వేయమని మాత్రం చెప్పను. కులాల మీద, ఆడవాళ్ళ మీద, అవిటివాళ్ళ మీద మన సామెతలు బోలెడున్నాయి. ఒకసారి క్లాసులో గుడ్డివాడి సామెత ఒకటి బోర్డు మీద వేయబోయాను. మొదటి బెంచీలో ఒంటి కన్ను కుర్రాడు నోట్‌బుక్ తెరిచి పెన్సిల్ చెక్కుకుంటున్నాడు, నేనేం వేస్తే అది వేద్దామని. నోటితో అంటే దొర్లిపోయే మాట, గీసేటప్పుడు దానికి ఒక ముఖం పెట్టాలి. ఎవరి ముఖం పెడతాం? చెరిపేసి గోడ మీద పిల్లిని వేశాను.

అయిపోయింది, కూర్చుంటున్నాను. ఈ అగ్గిపెట్టెలో ఉన్నది ఆ ముసలమ్మ ఇచ్చిన ఏకే. ముందు వరుస నుంచి మొదలెట్టండి. ముట్టుకుని చూడండి, నలపకండి, ఫ్యాను కింద జాగ్రత్త. వెనక వరుస దాకా వెళ్ళాక మళ్ళీ నా చేతికి రావాలి, ఇంటికెళ్ళి ఆ బొమ్మ సరిగ్గా వేసుకోవాలి.