కరివేపాకు మొక్క దగ్గర ఒక తరగతి

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

ప్రకృతి పాఠం అనగానే బస్సు మాట్లాడి, పిల్లలను జూపార్కుకో కేబీఆర్ పార్కుకో తీసుకువెళ్లడం మన హైదరాబాద్ బళ్లలో ఆనవాయితీ. ఆ ప్రయాణాలు వద్దని నేను అనను. కానీ ఒక్క పూట చూసిన చెట్టు బొమ్మలాగే గుర్తుంటుంది. ఒకే మొక్కను జూన్ నుంచి ఏప్రిల్ దాకా చూస్తూ వచ్చిన పిల్లవాడికే అది ప్రాణమున్నదని నిజంగా తెలుస్తుంది.

కరివేపాకు మొక్కనే తీసుకోండి. వానలు పడి లేత చిగుళ్లు వేయగానే నిమ్మ సీతాకోకచిలుక వచ్చి వాటి మీద గుండుసూది తలంత గుడ్లను ఒక్కొక్కటిగా పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పురుగు తొలిరోజుల్లో అచ్చం పిట్టరెట్టలా ఉండటంతో పక్షుల కంటికి తిండిగా కనిపించదు. పెరిగాక పచ్చబడి ఆకుల్లో కలిసిపోతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి రెండుగా చీలిన కొమ్మును బయటికి చాచి ఘాటైన వాసన వదులుతుంది. నేను పనిచేసిన ఒక బడిలో ఐదో తరగతి పిల్లలు ఇదంతా తేదీలు వేసి రాసుకుంటున్న రోజుల్లో, మొక్కకు పురుగు పట్టిందని ఎవరో మందు కొట్టించారు. మర్నాడు రాలిపడిన పురుగులను చూసి ఒక పాప, "ఇవి మన పురుగులే కదా సార్" అంది. ఆ 'మన' అన్న మాట ఏ పాఠంలోనూ నేను నేర్పింది కాదు.

బడిలో నేర్చేదాన్ని బయటి జీవితంతో ముడిపెట్టాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రమే చెప్పింది. స్థలం లేదనే మాట నేను తరచూ వింటాను. నిజమే, చాలా ఆవరణలు గోడ నుంచి గోడ దాకా టైల్స్‌తో నిండిపోయాయి. అయినా గోడ పగులులో మొలిచిన రావి మొక్క ఉంటుంది, కొన్నిచోట్ల పగలగొట్టకుండా వదిలిన గండశిల ఉంటుంది. మన నగరపు ఈ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లని చెప్పి, నాచు దాని ఒక పక్కనే ఎందుకు పట్టిందో పిల్లలనే అడగండి, జవాబు మాత్రం వెంటనే చెప్పకండి.

యాజమాన్యాన్ని మీరు అడగవలసింది టైల్స్ పరవని నాలుగు గజాల నేల. అక్కడ ఒక కరివేపాకు మొక్క నాటి, పిల్లలు రాసే నోటుపుస్తకాన్ని పక్కనే వేలాడదీయండి. మందు కొట్టే మనిషికి ఆ పుస్తకాన్ని ముందే చూపించండి.